నాయన పోయాక చేతులు మారిన ఆస్తి: వాటా రాబట్టుకోవడం ఎలా?

నాయన కాలం చేశాక పొలం ఎవరి పేరు మీదికి ఎక్కిందో ఇంట్లో అందరికీ ఒకేసారి తెలియదు. మన నెల్లూరు సీమలో కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి బతుకుతెరువుకు బెంగుళూరు, చెన్నై, హైదరాబాద్ పోయిన కుటుంబాలు ఎన్నో. ఊళ్ళో ఉన్న కొడుకు నిమ్మతోట చూసుకుంటాడు, సొసైటీలో అప్పు తెస్తాడు, పాసుపుస్తకం తన పేర రాయించుకుంటాడు. ఏ పెళ్ళికో తిరునాళ్ళకో వచ్చిన ఆడబిడ్డ అడిగితే "నీ పెళ్ళికి పెట్టింది చాలదా?" అంటారు. ఆమె నొచ్చుకుని వెళ్ళిపోతుంది. మరో పదేళ్ళు గడుస్తాయి. ఆ పదేళ్ళే ఆమె కేసును దెబ్బతీస్తాయి.

అందుకే ముందు మూడు సంగతులు. పాసుపుస్తకంలో పేరు మారినంత మాత్రాన మీ వాటా పోదు. "నీకు వాటా లేదు పో" అన్నారని తెలిశాక మాత్రం గడువు నడవడం మొదలవుతుంది. పెళ్ళికి కట్నం ఇచ్చామన్నది వాటా ఎగ్గొట్టడానికి చట్టం ఒప్పుకునే కారణం కాదు.

కింద చెప్పేది ప్రధానంగా హిందూ కుటుంబాల సంగతి. ముస్లిం కుటుంబాల్లో షరియత్ ప్రకారం కొడుకు వాటాలో సగం కూతురికి వస్తుంది. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగిలింది కొడుకులకూ కూతుళ్ళకూ సమానం. కాగితాలు తీయడం, ఆఫీసుల చుట్టూ తిరగడం, కోర్టుకు వెళ్ళడం చాలావరకు అందరికీ ఒకటే.

మొదటి పని: అసలు అన్యాయం జరిగిందా అని చూసుకోవడం

అన్నకు ఎక్కువ వచ్చిన ప్రతిసారీ అది మోసం కాదు. నాయన తన కష్టార్జితాన్ని ఇష్టపూర్వకంగా ఒక బిడ్డకు దానం రాసి రిజిస్టరు చేయించి ఉంటే, లేదా తెలివితో ఉండి వీలునామా రాసి ఉంటే, మనకెంత బాధగా ఉన్నా చట్టం దాన్ని నిలబెడుతుంది. ఉమ్మడి పిత్రార్జితం అయితే లెక్క వేరు. అందులో ఆయన తన వాటా వరకే వీలునామా రాయగలడు.

కాబట్టి పొలం నాయనకు ఎలా వచ్చిందన్నదే మొదటి ప్రశ్న. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. తాత నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం అనుకుంటారు. తాత తన సొంత ఆస్తిని వదిలి, 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక చనిపోయి ఉంటే, అది నాయనకు వారసుడిగా వచ్చిన సొంత ఆస్తే అవుతుంది. సుప్రీంకోర్టు 1986లో చందర్‌సేన్ కేసులో ఈ మాట చెప్పింది. కోర్టులో సగం వాదన దీని మీదే నడుస్తుంది. అందుకే తాత ఎప్పుడు పోయారో, అన్నదమ్ముల మధ్య పారీఖత్తు ఎప్పుడు జరిగిందో ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి. మేనత్తలకు ఇవి బాగా గుర్తుంటాయి.

రెండో పని: కాగితాలు

గొడవ పెట్టుకోకముందే కాగితాలు తీయండి. నోటీసు వెళ్ళాక అవతలివాళ్ళు జాగ్రత్తపడతారు.

నాయన మరణ ధ్రువీకరణ పత్రం మొదటిది. ఊళ్ళో పోతే పంచాయతీ కార్యదర్శి దగ్గర, పట్నం ఆస్పత్రిలో పోతే ఆ పట్నంలో దొరుకుతుంది. 21 రోజుల్లో నమోదు కావాలి. ఏడాది దాటిపోయి ఉంటే మేజిస్ట్రేటు అధికారం ఉన్నవారి ఉత్తర్వు కావాలి. పని ఆలస్యమవుతుంది, ఆగిపోదు.

రెండోది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఇస్తారు. అది హక్కుపత్రం కాదు, కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో చెప్పే కాగితం అంతే. అయినా చాలా అవసరం. మీ అన్న ఇంతకుముందే ఒకటి తీసుకుని ఉండి, అందులో అక్కచెల్లెళ్ళ పేర్లు లేకపోతే దాని నకలు తప్పకుండా సంపాదించండి. వారసులను దాచిపెట్టారనడానికి అంతకన్నా సూటి రుజువు దొరకదు.

మూడోది 1బి, అడంగల్. మీభూమి పోర్టల్లో సర్వే నంబరు కొట్టి చూడవచ్చు. అందరూ పట్టాదారు పేరు చూసి, అన్న పేరు కనపడగానే గుండె జారిపోయి కాగితం మడిచేస్తారు. అక్కడ ఆగకండి. అడంగల్‌లో అనుభవదారు పేరు పక్కన అనుభవ స్వభావం అని ఒక గడి ఉంటుంది. అందులో "అనువంశికం" అని ఉందా, "కొనుగోలు" అని ఉందా చూడండి. అనువంశికం అని ఉంటే ఆ పొలం పెద్దల నుంచి వచ్చిందని రికార్డే చెబుతోంది. మీ అన్న సొంతంగా కొన్నానని రేపు కోర్టులో అనాలంటే ఈ మాటను దాటుకుని రావాలి. మీ పేరు లేని ఆ కాగితమే మీ పక్షాన పనిచేస్తుంది. కొనుగోలు అనో దానం అనో ఉంటే దానికి ఒక రిజిస్టరు దస్తావేజు ఉండి తీరాలి, దాన్ని వెతకాలి.

దాన్ని వెతికేది ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). కంప్యూటర్లో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు తిప్పించి చూడాలి. నాయన పేరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి తీయండి. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు బదులు ఎల్పీఎం నంబరు వచ్చింది. రెండు నంబర్లూ జతచేసి చూడకపోతే మీ పొలం రికార్డులోనే లేదనిపిస్తుంది. ఈసీలో కనపడిన ప్రతి దస్తావేజుకూ సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఇప్పటి దస్తావేజుల మీద రాసిచ్చినవాళ్ళ ఫోటో, వేలిముద్ర ఉంటాయి. మీ పేరున ఇంకెవరైనా కూర్చుని ఉంటే అక్కడే బయటపడుతుంది.

నాలుగోది మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఫైలు. ఏ దరఖాస్తు మీద, ఎవరి వాంగ్మూలం తీసుకుని, ఎవరికి నోటీసు ఇచ్చి పేరు మార్చారో తెలుసుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద తహసీల్దార్ ఆఫీసులో అడగండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీకు నోటీసు వచ్చిందని ఫైల్లో రాసి ఉండి, మీరు ఆ రోజుల్లో బెంగుళూరులో ఉంటే ఆ సంగతి రుజువు చేసే కాగితం ఏదున్నా దాచుకోండి.

భూమి తరతరాల చరిత్ర కావాలంటే ప్రభుత్వ గ్రామాలకు ఆర్ఎస్ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), పాత ఎస్టేటు గ్రామాలకు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి. భూమి ప్రభుత్వం అసైన్ చేసిన డీకేటీ పట్టా అయితే జాగ్రత్త. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అమ్మకాలకు అడ్డుకట్ట వేసింది గానీ వారసత్వానికి కాదు. నాయన డీకేటీ భూమి పిల్లలందరికీ వస్తుంది. రికార్డులో పేరు బదులు చుక్కలున్న చుక్కల భూమి, రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఎ జాబితాలో ఉన్న భూమి అయితే అన్నదమ్ముల తగాదాతోపాటు ప్రభుత్వంతో తేల్చుకోవాల్సింది కూడా ఉంటుంది. ఆ రెండూ కలిపేయకుండా వకీలుకు విడివిడిగా చెప్పండి.

ఇంటి స్థలం ఉంటే కొలత కూడా చూసుకోవాలి. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు అంకణం 36. బయటివాళ్ళు రాసిన దస్తావేజులో ఏ అంకణం లెక్క వేశారో గమనించండి.

మూడో పని: మీ వాటా ఎంత?

ఒక ఇల్లు అనుకుందాం. నాయన పోయారు. అమ్మ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. భూమి 10 ఎకరాలు, వీలునామా లేదు.

భూమి నాయన సొంతమైతే అయిదుగురికీ సమానం. తలా 2 ఎకరాలు, అమ్మతో సహా. (నాయనమ్మ బతికుంటే ఆమెకూ సమాన వాటా ఉంటుంది.) అదే ఉమ్మడి పిత్రార్జితమైతే ముందు నాయనకూ నలుగురు పిల్లలకూ అయిదు భాగాలు వేస్తారు. నాయన భాగానికి వచ్చిన 2 ఎకరాలను మళ్ళీ అమ్మకూ నలుగురు పిల్లలకూ అయిదు చేస్తారు. పిల్లలకు తలా 2 ఎకరాల 40 సెంట్లు, అమ్మకు 40 సెంట్లు. అదే భూమి, అదే కుటుంబం, అమ్మ వాటా మాత్రం 2 ఎకరాల నుంచి 40 సెంట్లకు పడిపోయింది. అమ్మ బతికున్న ఇంట్లో పిత్రార్జితం అని వాదించే ముందు ఈ లెక్క ఒకసారి ఆమె ముందు పెట్టాలని నా మనవి.

కూతుళ్ళకు పిత్రార్జితంలో వాటా మన ఆంధ్రప్రదేశ్‌లో దేశం కన్నా ముందే వచ్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయినవాళ్ళను అది వదిలేసింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ తేదీ నాటికి నాయన బతికుండాలా అన్న సందేహాన్ని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది, బతికుండనక్కర్లేదని. కాకపోతే 2004 డిసెంబర్ 20కి ముందే జరిగిపోయిన రిజిస్టరు పంపకాలను, కోర్టు పంపకాలను, అమ్మకాలను ఈ సవరణ తిరగదోడదు. ఇంటి పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న పంపకం ఈ రక్షణ కిందికి మామూలుగా రాదు.

ఈ చట్టం మన పక్క ఒంగోలులోనే ఇద్దరు అక్కచెల్లెళ్ళకు ఎలా పనిచేసిందో చూడండి. వాళ్ళ అన్నదమ్ముల్లో ఒకడు ఒంగోలు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో పంపకం దావా వేశాడు. దావా నడుస్తుండగానే 1993లో తండ్రి పోయాడు. 1999 మార్చి 19న వాటాలు ఎంతో చెప్పే ప్రిలిమినరీ డిక్రీ వచ్చింది. అప్పటి లెక్కలో కొడుకులకు మూడో వంతు చొప్పున, తండ్రి మూడో వంతులో నలుగురు పిల్లలకూ నాలుగో వంతు. అంటే ఆడబిడ్డకు మొత్తంలో పన్నెండో వంతు. భూమిని విడగొట్టే ఫైనల్ డిక్రీ ఇంకా కాలేదు. ఈలోగా 2005 సవరణ వచ్చింది. అక్కచెల్లెళ్ళు మళ్ళీ కోర్టుకెక్కి మాకు నాలుగో వంతు చొప్పున రావాలన్నారు. కింది కోర్టు ఒప్పుకుంది, హైకోర్టు కాదంది. 2011 అక్టోబర్ 12న సుప్రీంకోర్టు కింది కోర్టు మాటనే నిలబెట్టింది. ఫైనల్ డిక్రీ అయ్యేదాకా పంపకం పూర్తయినట్టు కాదని, ఈలోగా చట్టం మారితే వాటాలు మార్చవచ్చని చెప్పింది. గండూరి కోటేశ్వరమ్మ కేసు అంటే వకీళ్ళందరికీ తెలుసు. మీ ఇంట్లో ఏనాటిదో ప్రిలిమినరీ డిక్రీ ఒకటి పెట్టెలో ఉంటే దాన్ని బయటికి తీయండి.

నాలుగో పని: ఏ దారిన పోయింది?

మందు రోగాన్ని బట్టి ఉంటుంది. ఒట్టి మ్యుటేషన్ మాత్రమే జరిగి ఉంటే తహసీల్దార్ ఉత్తర్వు మీద 60 రోజుల్లో ఆర్డీఓకు అప్పీలు చేసుకోవచ్చు. ఆలస్యమైతే మీకు ఎప్పుడు తెలిసిందో చెప్పి, ఆలస్యాన్ని మన్నించమని అడగాలి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వడం మంచిదే, దాని రసీదు పనికొస్తుంది. కానీ వాటా ఎంతో తేల్చే అధికారం రెవెన్యూవాళ్ళకు లేదు. "సివిల్ కోర్టుకు పోండి" అంటే అది మీరు ఓడిపోయినట్టు కాదు.

అన్నదమ్ములు మిమ్మల్ని వదిలేసి పంపకం దస్తావేజు రాసుకుని ఉంటే, మీరు అందులో లేరు కాబట్టి అది మిమ్మల్ని కట్టిపడేయదు.

వీలునామా బయటికి తీస్తే భయపడకుండా చదవండి. ఇద్దరు సాక్షులు సంతకం చేసి ఉండాలి. రిజిస్టరు కానక్కర్లేదు. అది నిజమైనదని రుజువు చేసే బాధ్యత దాన్ని చూపించినవాళ్ళదే. సందేహాలుంటే వాటిని తీర్చాల్సిందీ వాళ్ళే. ఎప్పుడూ సంతకం పెట్టే నాయన వేలిముద్ర ఎందుకు వేశారు? ఆ తేదీన ఆయన నెల్లూరు ఆస్పత్రిలో ఉన్నారా? లాభం పొందిన కొడుకే దగ్గరుండి రాయించాడా? భార్యను, కూతుళ్ళను వదిలేయడానికి కారణం రాశారా? ఆస్పత్రి డిశ్చార్జి కాగితాలు, బ్యాంకులో ఉన్న నాయన పాత సంతకాలు ఇప్పుడే సేకరించండి.

అన్నిటికన్నా కష్టమైనది మీ సంతకంతోనే పోయిన ఆస్తి. బ్యాంకు లోనుకనో, పాసుపుస్తకం కోసమనో, కర్మ ఇంట్లో జనం మధ్య పెట్టించుకున్న సంతకం హక్కు విడుదల దస్తావేజుగా తేలుతుంది. మోసంతో పెట్టించారని రద్దు కోరవచ్చు. కానీ మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్ళే గడువు. ఈ ఒక్క సందర్భంలో ఒక్క వారం కూడా ఆలస్యం చేయకండి.

పొలాన్ని బయటివాళ్ళకు అమ్మేసి ఉంటే, అమ్మినవాడు తన వాటా వరకే అమ్మగలిగాడు. మీ వాటా కొన్నవాడికి దక్కదు. అతన్ని కూడా దావాలో ప్రతివాదిగా చేర్చాలి. సోమశిల-కండలేరు కాలువలాంటి పనుల కోసం ప్రభుత్వం భూమి తీసుకుని, పరిహారం ఇంకా చెల్లించకపోతే భూసేకరణ అధికారికి వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. పంపకం తగాదా తేలేదాకా ఆ సొమ్ము భూసేకరణ అథారిటీ దగ్గర జమచేయించే వీలుంది.

బ్యాంకు డబ్బు సంగతి. నామినీగా పేరున్నంత మాత్రాన డబ్బు నామినీది కాదు. వారసుల తరఫున తీసుకునే మనిషి మాత్రమే. 2023 డిసెంబర్‌లో కూడా సుప్రీంకోర్టు షేర్ల విషయంలో ఇదే చెప్పింది. (బీమాలో భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే 2015 సవరణ తర్వాత లెక్క వేరు.) నాయన పోయిన తేదీ తర్వాత ఏటీఎం నుంచి డబ్బు తీసి ఉంటే స్టేట్‌మెంట్ తీయించండి. పెద్ద డిపాజిట్లకు సివిల్ కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ అడుగుతారు. మరిచిపోయిన ఖాతాలు ఉన్నాయేమో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్లో వెతకవచ్చు. చనిపోయినవారి సొత్తును దురుద్దేశంతో కాజేయడం భారతీయ న్యాయ సంహిత 315వ సెక్షన్ కింద నేరం. దొంగ సంతకం ఉంటే ఫోర్జరీ కేసు కూడా పెట్టవచ్చు. అయితే పోలీసు కేసుతో పొలం చేతికి రాదు. దాన్నే నమ్ముకుని సివిల్ గడువు పోగొట్టుకున్నవాళ్ళ గతి చాలా బాధాకరం.

అయిదో పని: అడగడం, ఆపడం

ఇంట్లో అడగండి, పెద్దమనుషులతో అడిగించండి. కుదిరితే అంతకన్నా మంచిది లేదు. ఒప్పందం కుదిరితే తెల్లకాగితం మీద ఆపేయకుండా రిజిస్టరు చేయించండి, లేదా లోక్ అదాలత్‌లో అవార్డుగా రాయించండి. ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. దావా నడుస్తుండగా లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీలో దరఖాస్తు పెట్టాలి, లేదా 15100కు ఫోన్ చేయాలి. డబ్బులేక ఆగిపోయామని చెప్పే ఆడబిడ్డలకు ఈ నంబరు సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

మాటలతో కాకపోతే వకీలు నోటీసు. అది అందినట్టు రుజువు, వాళ్ళ జవాబు భద్రంగా పెట్టుకోండి. "నీకు వాటా లేదు" అని వాళ్ళు రాసిచ్చిన తేదీ చాలా ముఖ్యం. ఉమ్మడి ఆస్తి నుంచి గెంటేశారని తెలిసిన నాటి నుంచి పంపకం దావాకు 12 ఏళ్ళ గడువు. వాటాదారుల్లో ఒకరు సాగు చేసుకుంటే అది అందరి తరఫున చేసినట్టే అని 1956లో పి. లక్ష్మీరెడ్డి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మిగతావాళ్ళ హక్కు కాదని బాహాటంగా చెప్పి, వాళ్ళకు తెలిసేలా అనుభవిస్తేనే 12 ఏళ్ళు లెక్కకొస్తాయి. ఈ తీర్పు మీకు ధైర్యం, నిద్రపోవడానికి అనుమతి కాదు.

ఆరో పని: దావా

భూమి ఎక్కడుంటే ఆ ప్రాంతపు సివిల్ కోర్టులోనే దావా. దాని విలువను బట్టి జూనియర్ సివిల్ జడ్జి కోర్టా, పై కోర్టా అన్నది తేలుతుంది. ఒట్టి ఇంజంక్షన్ దావా వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వాటాదారు మీద అది నిలవడం కష్టం. మీకు కావాల్సింది పంపకం, మీ వాటా విడిగా స్వాధీనం. అడ్డంగా ఉన్న దస్తావేజులు ఉంటే అవి చెల్లవని ప్రకటన, మీరే సంతకం చేసినవైతే రద్దు.

వాటాదారులందరూ దావాలో ఉండాలి, చనిపోయిన అక్క పిల్లలతో సహా. ఉమ్మడి ఆస్తులన్నీ షెడ్యూల్లో ఉండాలి. ఒక్కరినీ, ఒక్క సర్వే నంబరునీ వదిలేయకండి. తోట ఫలసాయంలో మీ భాగం కూడా దావాలోనే అడగండి. వెనకటి ఆదాయం మామూలుగా మూడేళ్ళ వరకే అడగగలరు. మీరు ఉమ్మడి స్వాధీనంలో ఉన్నట్టైతే కోర్టు ఫీజు తక్కువ స్థిర రుసుము, గెంటేశారంటే మీ వాటా మార్కెట్ విలువను బట్టి ఉంటుంది. దావాలో ఆ ఒక్క వాక్యం ఎలా రాశారో వకీలును అడిగి తెలుసుకోండి. ఫీజుతో పాటు గడువు వాదన కూడా దాని మీద ఆధారపడుతుంది.

దావాతో పాటే అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా తాత్కాలిక ఉత్తర్వు కోరండి. ఉత్తర్వు రాకపోయినా, దావా నడుస్తుండగా జరిగిన అమ్మకం తీర్పుకు లోబడే ఉంటుంది.

గెలిస్తే ముందు వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ. వాటా ఎంతో చెబుతుంది, పొలం చూపించదు. చాలామంది ఆ కాగితం తెచ్చుకుని కేసు అయిపోయిందనుకుంటారు. ఫైనల్ డిక్రీ కోసం మళ్ళీ అర్జీ పెట్టించండి. దానికి గడువు లేదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఆలస్యం చేసే కొద్దీ చెట్లు, బోర్లు, హద్దులు మారిపోతాయి. కోర్టు కమిషనర్‌ను పంపుతుంది. ఆయన సర్వేయరుతో వచ్చే రోజు మీరు తప్పకుండా అక్కడ ఉండండి. బావి ఎవరి భాగంలో పడుతోంది, నీటికాలువ ఎటు పోతోంది, బండి బాట ఎవరి మీదుగా ఉంది అన్నవి అక్కడికక్కడే చెప్పి రాయించాలి. నీళ్ళు లేని 2 ఎకరాలు, నీళ్ళున్న 2 ఎకరాలు ఒకటి కావు. నివేదిక నచ్చకపోతే కోర్టులో అభ్యంతరం వేయవచ్చు.

ఫైనల్ డిక్రీ స్టాంపు కాగితం మీదికి ఎక్కాకే అమలుకు పనికొస్తుంది. 12 ఏళ్ళలోపు అమలు అర్జీ వేసి, కోర్టు అమీనా ద్వారా స్వాధీనం తీసుకోండి. స్వాధీనం ఇచ్చిన నివేదిక నకలు, డిక్రీ నకలు జతచేసి తహసీల్దార్‌కు మ్యుటేషన్ దరఖాస్తు పెట్టండి. కొత్త 1బి వచ్చాక మీ పేరు, సర్వే నంబరు, సెంట్లతో సహా విస్తీర్ణం డిక్రీతో సరిపోయాయా అని అక్కడే నిలబడి చూసుకోండి.